చివర పెట్టే పెద్ద గుండీ

తలుపు మూశారు, నా నోరే ఎవరూ మూయలేకపోయారు గానీ ఈ తలుపైతే చక్కగా మూశారు, లోపల మా ఆవిడ, ఆవిడ ఎదురుగా ఆవిడని తూకం వేసే ఇద్దరు పెద్దలు, బయట నడవలో ఈ చెక్కబల్ల మీద నేను, నా పిడికిట్లో ఒక పెద్ద గుండీ. గుండీ నాదే, నా పాత స్టేజీ కోటుది, పొట్ట ముందుకొచ్చి గుండీ ముందుకు పోయిన రోజున ఆవిడ దాన్నీ, కోటుకున్న మిగతావాటినీ ఏరి రేకు డబ్బాలో దాచింది, ఇప్పుడది ఆవిడ ఫ్రెంచి పాఠంలో పనిముట్టు, ఇందాక లోపల నేను పాఠం బల్ల మీద కొట్టిన దెబ్బకి ఎగిరి, కింద పడి, దొర్లి దొర్లి నా చెప్పు దగ్గరికే వచ్చి ఆగింది, యజమానిని గుర్తుపట్టిన కుక్కలా. తీసి జేబులో వేసుకున్నాను. తిరిగి ఇవ్వాలని తోచలేదు. అందరూ నవ్వుతున్నారు కదా, నవ్వు వినపడుతున్నంతసేపూ నాకు ఇంకేదీ వినపడదు, అదో రకం చెవుడు, దానికి మందు లేదు, పైగా దాంతోనే ఇన్నేళ్ళూ ఇల్లు గడిచింది. పెళ్ళిళ్ళకి, పదవీ విరమణ సభలకి, కొత్త షాపుల ప్రారంభాలకి మైకు పట్టుకుని జనాన్ని నవ్వించే వ్యాఖ్యాతని నేను. పలుకుబడి ఉన్నవాణ్ణే, కాకపోతే ఆ పలుకు ఏనాడూ బడికి పోలేదు, ఇవాళే మొదటిసారి పోయింది, పోయి బడినే తగలబెట్టి వచ్చింది.

ఉద్యోగం నాది కాదు, ఆవిడది. ఈ భాషల బడిలో ఫ్రెంచి టీచరు కావాలన్నారు, దరఖాస్తు పెట్టింది, నమూనా పాఠం చెప్పి చూపించమన్నారు. ఈ వయసులో ఇంకోచోట ఎవరూ పిలవరని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. పనిచేసిన ఓడల కంపెనీ మూతపడ్డాక ఇంట్లో కూర్చుని సాయంత్రాలు నలుగురైదుగురికి చెప్పుకుంటోంది, ఆ కంపెనీ టెలిఫోను దగ్గరే ఆవిడకి ఈ భాష పట్టుబడింది, అవతల నుంచి ఫ్రెంచివాళ్ళు గబగబా ఏదో అనేవారట, "కాస్త ఆగండి" అని మర్యాదగా చెప్పడం నేర్చుకుంటే చాలనుకుందట, ఆగండి నేర్చుకోబోయి తను ఆగలేదు, ఇస్త్రీ చేస్తూ కేసెట్లు, కూరలు తరుగుతూ కేసెట్లు, నేను పక్కన చేరి "ఏమోయ్, ఆ కేసెట్టులో ఆయన నీతో అంతసేపు ఏం మాట్లాడతాడు, నాకు అనుమానంగా ఉంది" అనేవాణ్ణి, ఆవిడ నవ్వేది, నవ్విందనే అనుకున్నాను. పాఠం వినడానికి తన సాయంత్రం పిల్లలనే, పిల్లలంటే నెరిసిన పిల్లలు, ఒక నర్సు, బేకరీ నడిపే ఆయన, కవల అక్కచెల్లెళ్ళు ఇద్దరు, వాళ్ళనే తెచ్చుకోమన్నారు. వాళ్ళతోపాటు రావలసిన దర్జీకి జ్వరమొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదని పొద్దున నా దగ్గరికొచ్చి, "ఏవండీ, మీరు వచ్చి ఊరికే కూర్చోండి. అడిగితే చెప్పండి, అడక్కపోతే..." అని ఆగింది. "అడక్కపోతే అడుక్కుంటా!" అన్నాను. ఎంత బాగా పేలిందో, నేనే పగలబడి నవ్వాను. అడక్కపోతే ఏం చెయ్యమనబోయిందో వినలేదు. వినాల్సింది. ఆ అరవాక్యమే నాకిచ్చిన హాలుటిక్కెట్టు.

ఎదురుగదిలో ఎవరో ఇంకేదో భాష వల్లిస్తున్నారు, ఒకటే మాట మళ్ళీ మళ్ళీ, గచ్చు తుడిచే ఆవిడ బకెట్టు జరుపుకుంటూ ఇటే వస్తోంది, ఫినాయిలు వాసన, గోడకి పాత నోటీసులు పీకేసిన చోట మిగిలిన టేపు ముక్కలు. లోపలి మాటలు వినపడటం లేదు. మగగొంతు లీలగా వస్తోంది, ఆవిడది రావడం లేదు. గుండీ అంచు అరచేతిలో దిగుతోంది. ఆవిడ పద్ధతి ఎంత సొగసైనదని, పుస్తకాల్లో లేదది, ఆవిడే కుట్టుకుంది. చొక్కా గుండీలు చిన్నవి, పలికే ముక్కకొకటి చొప్పున బల్ల మీద వరసగా పెడుతుంది, అ, ని, మాల్, అంటే జంతువట, మూడు గుండీలు, మధ్యలో ఒంటరిగా దొరికిన హల్లు ఎప్పుడూ తరవాతి అచ్చు ఒళ్ళోనే కూర్చుంటుంది అంటుంది. రెండు హల్లులు ఎదురుపడితే చెరోవైపు విడిపోతాయి, మెర్, సి, అంటే థాంక్స్. కానీ రెండోది లకారమో రకారమో అయితే మాత్రం విడదీయకూడదు, తా, బ్లో, అంటే పటం, ఆ 'బ్లో'ని అలాగే వదిలెయ్యాలి, కొత్త జంట అంటుంది. ఇక ఆఖరి ముక్కకి చిన్న గుండీ పెట్టదు, నా కోటు గుండీ పెడుతుంది. ఊనిక అక్కడ. మనవాళ్ళం ఊనిక అనగానే నెత్తిన మొట్టినట్టు గట్టిగా అంటాం, ఆవిడ తల అడ్డంగా ఊపుతుంది, "కొట్టకండి, నిలపండి. గట్టిగా కాదు, కాస్త సాగాలంతే." ఊనిక అంటే నాకు తెలిసినది ఒక్కటే, నేను చెప్పడం, జనం ఊ కొట్టడం.

అసలు విశేషం ఆ తరవాత. మాటలు విడివిడిగా ఉన్నంతవరకే ఎవరి ఊనిక వాళ్ళది. నాలుగు మాటలు కలిసి ఒక జట్టు అయ్యాయా, ఆవిడ ఒక్కో పెద్ద గుండీనీ వెనక్కి తీసేసి ఆ చోట చిన్నది పెట్టుకుంటూ వస్తుంది, ఆఖరి మాట ఆఖరి ముక్క దగ్గర మాత్రమే పెద్ద గుండీ మిగులుతుంది. జట్టంతటికీ ఒకటే ఊనిక, చివర. అది పెట్టే ముందు ఆవిడ ఆగుతుంది. గుండీ రెండు వేళ్ళ మధ్య గాల్లో ఆపి, నోరు మూసుకుని, ఎదుటివాళ్ళ మొహాల్లోకి చూస్తుంది. ఆ ముక్క తను చెప్పదు. వాళ్ళు చెప్పాలి, వాళ్ళంతట వాళ్ళు, నెమ్మదిగా, సాగదీసి. ఆవిడ పాఠమంతా ఆ ఆగడంలోనే ఉంది. ఇవాళ ఆ ఇద్దరూ చూడటానికి వచ్చిందీ దాన్నే.

వాక్యం కూడా ఎప్పుడూ చెప్పేదే, ఎవరొచ్చినా మొట్టమొదట అదే, ఊవ్రే లా ఫనెత్ర్, కిటికీ తెరవండి. లోకంలో ఎవడైనా నమస్కారంతో మొదలెడతాడు, ఈవిడ కిటికీతో మొదలెడుతుంది, "ఏమోయ్, దొంగలకేమైనా చెబుతున్నావా పాఠం?" అని అడిగాను ఒకసారి, ఆవిడ గుండీలు డబ్బాలో వేసుకుంది. ఇవాళ కూడా అదే, ఊ, వ్రే, లా, ఫ, నాలుగు చిన్న గుండీలు బల్ల మీద వరసగా, పెద్ద గుండీ బల్ల అంచున ఉంది, దాని కోసం చెయ్యి చాపి, చాపిన చెయ్యి అలాగే ఉంచి ఆవిడ ఆగింది, నర్సు పెదవులు విచ్చుకుంటున్నాయి, బేకరీ ఆయన మెడ ముందుకు సాగింది, కవలల్లో ఒకావిడ కళ్ళు మూసుకుంది, గదిలో చప్పుడు లేదు, ఎంత మంచి నిశ్శబ్దం, ఇప్పుడు అనిపిస్తోంది, అప్పుడు నాకు ఒళ్ళంతా దురద, స్టేజీ మీద అలాంటి ఖాళీ వస్తే కార్యక్రమం చచ్చినట్టే, పాపం మర్చిపోయింది, ఇరుక్కుపోయింది, మొగుణ్ణి, నేనుండగా ఆవిడకి ఆ గతేమిటి అనుకుని, నిజంగా ఆదుకుంటున్నాననే అనుకుని, బల్ల గుద్ది, "కిటికీ తియ్యండి బాబోయ్, ఈ ఫ్రెంచికి ఊపిరాడటం లేదు!" అని అరిచాను.

గది పేలిపోయింది. బేకరీ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఇద్దరు పెద్దల్లో కళ్ళజోడు ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, రెండో ఆయన కుర్చీ వెనక్కి వాలిపోయాడు. మా ఆవిడ చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది, గుండీ లేదు. తరవాత చెప్పింది, ఎంత ఓర్పుగా చెప్పిందో, ఇంకో పెద్ద గుండీ వెతుక్కుని మళ్ళీ మొదట్నుంచి పెట్టింది, కానీ ఇక అందరికీ నా గాలి సోకింది, ఆఖరి ముక్క రాగానే నలుగురూ కలిసి మార్కెట్లో పాటపాడినట్టు నెత్ర్! నెత్ర్! అని గుద్దుతున్నారు, ఎవరూ నిలపడం లేదు, నవ్వుతున్నారు, పాఠం కాస్తా పాటయిపోయింది, వేలంపాట. అయిపోయాక వాళ్ళు నలుగురూ ఇళ్ళకి వెళ్ళారు, నన్ను కాసేపు బయట కూర్చోమన్నారు, తలుపు దాకా సాగనంపుతూ ఆ కుర్చీ ఆయన నా భుజం తట్టి, "అసలు మీరే క్లాసు చెప్పొచ్చు కదండీ! మా వార్షికోత్సవానికి తప్పకుండా రావాలి" అన్నాడు. ఆవిడ వింది. నేను వెనక్కి తిరిగి చూసే సమయానికి ఆవిడ చిన్న గుండీలు ఒక్కొక్కటే ఏరుతోంది, తల ఎత్తలేదు. నేనేమన్నాను? "మీదే ఆలస్యం సార్, నాది లాస్యం" అన్నాను. అన్నాను నిజంగా. అంత జరిగాక, తలుపు మూసుకుంటుండగా, ఇంకొకటి విసిరాను.

"కాళ్ళెత్తండి సార్" అంది తుడిచే ఆవిడ, ఎత్తాను, "ఇందాక లోపల అంత నవ్వించింది మీరేనా? మెట్లకిందికి కూడా వినపడిందండీ, కడుపు చెక్కలయింది."

"క్లాసు మా ఆవిడదమ్మా" అన్నాను.

"అవునా? ఆడగొంతేం వినపడలేదే" అంటూ బకెట్టు పట్టుకుని అవతలికి పోయింది, నా కాళ్ళు ఇంకా గాల్లోనే ఉన్నాయి, తడి ఆరిందో లేదో తెలియదు, దించడానికి మొహం చెల్లలేదు.

ఆడగొంతు వినపడలేదు. మా బావమరిది కూడా ఇదే అన్నాడు ఇంకో రకంగా, భోజనాల దగ్గర, అందరి ముందూ, "బావగారూ, పెళ్ళికి ముందు మా అక్క మాట్లాడేది, తెలుసా?" నేను వెంటనే, "పెళ్ళికి ముందు నేను వినేవాణ్ణి కూడానోయ్" అని తిప్పికొట్టాను, చప్పట్లు పడ్డాయి. మాటకి మాట అంటారు గానీ నేను ఎప్పుడూ మాట మీద మాటే. డాక్టరు అడిగాడు ఒకసారి, ఎక్కడమ్మా నొప్పి అని, "నాకు..." అని ఆగింది, "నేనేనండీ ఆవిడ నొప్పి!" అన్నాను, డాక్టరు నవ్వి నవ్వి కడుపుకి మందు రాశాడు, నొప్పి నడుముది, తిరిగి వెళ్ళి చెబుదామంటే మీరు మళ్ళీ నవ్విస్తారులెండి అంది, అదీ నాకు పొగడ్తగానే వినపడింది. బట్టల షాపులో, బ్యాంకులో, ఇంటికొచ్చిన చుట్టాల ముందు, ఆవిడ ఆగేది, నేను అందుకునేవాణ్ణి, మాట తట్టక ఆగుతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను, నత్తి లేని నత్తి అని పేరు కూడా పెట్టాను, పెట్టి అందరికీ చెప్పాను. తట్టకపోవడం కాదది. ఇవాళ గాల్లో ఆ చెయ్యి చూశాక తెలిసింది. అసలు మాట ముందు ఆగడం ఆవిడ మాట్లాడే తీరు, ఊనిక చివర పెట్టే మనిషి, ఆ చివరే నేను రోజూ పట్టుకుపోయాను, కాపురంలో ప్రతి వాక్యానికీ పెద్ద గుండీ నా కోటుకే. వ్యాఖ్యాత అని కార్డు కొట్టించుకున్నాను, అచ్చుతప్పు, వాక్యఘాతకుడు అని ఉండాలి. చూశావా, మళ్ళీ. సిగ్గుపడుతూ కూడా చమత్కారమే, లోపల ఉరితీస్తున్నా తాడు మీద ఒక జోకు వేస్తాను.

మామయ్య పోయిన రోజు కూడా. ఎందుకిప్పుడు అది, దాని జోలికి పోకూడదు, పోతున్నాను. ఆయన ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉన్నారు, వెనకగదిలో, ఆ మధ్యాహ్నం ఆయన దగ్గర ఈవిడ ఒక్కతే, నేను ఏదో షాపు రిబ్బను కత్తిరింపు దగ్గర మైకు పట్టుకుని ఉన్నాను, వచ్చేసరికి చుట్టాలు నిండిపోయారు, ఆయన చెల్లెలు ఈవిడ గడ్డం పట్టుకుని, "పోయేముందు ఏమన్నాడే తల్లీ అన్నయ్య?" అని అడిగింది. "నాన్న నాతో..." అని ఈవిడ ఆగింది. గదినిండా మనుషులు, అందరూ ఈవిడ నోటికేసే చూస్తున్నారు, ఆ ఖాళీ నా వల్ల కాలేదు, చావింట్లో జోకు వెయ్యకూడదన్న ఇంగితం ఉంది గనక దాని బదులు ఇంకొకటి వేశాను, గద్గదంగా, గొంతు పట్టి, "నువ్వు చల్లగా ఉండాలమ్మా అన్నారు, అంతే కదూ" అన్నాను. అందరూ గొల్లుమన్నారు. చక్కటి ముగింపు. సంతాప సభలో మైకులో కూడా అదే చెప్పాను, ఆ ముక్క దగ్గరే జనం కర్చీఫులు తీశారు, ఇప్పటికీ చుట్టాలు కలిస్తే, ఎంత అదృష్టవంతురాలివే, దీవించి పోయాడు నాన్న అంటారు, ఈవిడ ఊఁ అంటుంది. ఆ రోజు మాత్రం ఊఁ అనలేదు. వెనకగది కిటికీ కేసి చూస్తూ కూర్చుంది, రెక్కలు వేసి ఉన్న కిటికీలో ఏం కనిపిస్తుందో. ఆయన నిజంగా ఏమన్నారో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా తెలియదు. తెలియదన్న సంగతి ఈ బల్ల మీద కూర్చునేదాకా తెలియదు, నేను అల్లిన ముక్కనే నేనూ నమ్మేశాను.

పలకని 'అ' ఒకటి ఉంటుందట వాళ్ళకి, మాట చివర రాస్తారు, నోటితో అనరు, గుండీ పెట్టరు దానికి. మనకి ప్రతి మాటా అచ్చుతో ముగియాలి కనక బేకరీ ఆయన ఫనెత్రా అంటాడు, నర్సు ఫనెత్రూ అంటుంది, ఈవిడ వేలు పెదవి మీద పెట్టి, "అది ఉంది, కానీ వినపడదు" అంటుంది. "అచ్చం నీలాగే!" అన్నాను మొదటి రోజున, వంటింట్లోంచి. ఈవిడ చేస్తున్న పని ఆపకుండా, "అది వినపడకపోయినా, అది ఉండబట్టే దాని ముందు హల్లు వినపడుతుందండీ. చిన్నవాడైతే పెతి, చిన్నదైతే పెతిత్. అది తీసేస్తే ముందున్న వాడి నోరూ మూతపడుతుంది" అంది. పాఠమనుకున్నాను. పాఠమే.

గొళ్ళెం చప్పుడు. కళ్ళజోడు ఆవిడ ముందు, తరవాత ఆయన, నన్ను చూడగానే ఇద్దరి మొహాల్లోనూ నవ్వు మొలిచింది, నేనేదో అంటానని ఒక్క క్షణం నిలబడ్డారు కూడా, నేను గోడ మీద టేపు ముక్కలు చూశాను, వెళ్ళిపోయారు. వెనక ఆవిడ, సంచీ ఒక భుజాన, డబ్బా చంకలో. మొహం చూసి చెప్పలేం, ఏనాడు చూశాను కనక. మెట్లు దిగుతున్నాం, తుడిచిన తడి ఇంకా ఆరలేదు, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టే.

"ఉద్యోగం ఇస్తామనీ అనలేదు, ఇవ్వమనీ అనలేదు. రేపు మళ్ళీ వచ్చి ఇంకో పాఠం చెప్పమన్నారు. నా గొంతు వాళ్ళకి సరిగ్గా వినపడలేదట" అంది. అని ఒక మెట్టు దిగి, "రేపు మీరు..." అని ఆగింది.

వచ్చేశాయి, పిలవకుండానే, పేరంటానికి వచ్చినట్టు, రేపు మీరు రండి, రేపు మీరు జ్వరం తెచ్చుకోండి, రేపు మీరు, నేను, దర్జీ, ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలిక చివరిదాకా, ఎంత బాగున్నాయో ఒక్కోటీ, పళ్ళు బిగించాను, గుండీని పిడికిట్లో నలిపేశాను, కింద వీధిలో ఎవడో హారన్ కొడుతున్నాడు, ఎదురుగది వల్లెవేత ఇక్కడిదాకా వస్తోంది, ఆ ఖాళీ పెరుగుతోంది, పెరుగుతోంది, చెవులు వేడెక్కాయి, ఆవిడ ఆగి వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది.

"ఏంటండీ, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నువ్వు చెప్పు."

ఇంకాసేపు చూసింది. ఇది కూడా ఏదో ఎత్తుగడేమో, వెనక నుంచి నవ్వు రాబోతోందేమో అని చూస్తున్నట్టు.

"మీరు రావద్దు" అంది. గట్టిగా అనలేదు. ఆ వద్దుని కాస్త నిలిపింది అంతే, మెట్ల మీద పైనుంచి కిందిదాకా సాగింది.

"రాను" అన్నాను. ఇంకేదీ తగిలించలేదు. బస్టాపు దాకా నడిచాం, ఆవిడ ముందు, నేను కొంచెం వెనక, ఏం మాట్లాడాలో తెలియని నడక నాకు కొత్త. స్టాపు దగ్గర నిలబడ్డాక గుండీ తీసి అరచేతిలో పెట్టి చాపాను. తీసుకుంది, డబ్బాలో వెయ్యలేదు. అప్పుడన్నాను, ఎలా వచ్చిందో ధైర్యం, "మామయ్య ఆ రోజు నీతో..." అని, ఆగాను. అక్కడితో ఆగడం ఎంత కష్టమో, నోట్లో మాట ఉండి కాదు, లేక.

ఆవిడ గుండీని రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండిపోయింది. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది, మాది కాదు.

"కిటికీ తియ్యమ్మా, ఊపిరాడటం లేదు అన్నారు" అంది. "చలిగాలి నాన్నా, కాసేపాగి తీస్తానన్నాను."

మా బస్సు వచ్చింది. ఎక్కాం. ఆవిడ లోపలి సీట్లో కూర్చుంది, డబ్బా ఒళ్ళో పెట్టుకుని. పక్కన కిటికీ అద్దం తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. నేను కూర్చోలేదు. ఆవిడ మీదుగా వంగి, రెండు చేతులతో, నోరెత్తకుండా, అది కదిలేదాకా తోశాను.